ఒకే ఇంటిపేరు, మూడు దారులు: బ్రిటన్‌లో ‘పటేల్’ పుట్టుపూర్వోత్తరాలు

బ్రిటన్ లార్డుల సభలో కొన్నేళ్లపాటు ఒకేసారి ముగ్గురు పటేళ్లు కూర్చున్నారు. 1999లో సభ్యుడైన నరేంద్ర పటేల్ ప్రసూతి వైద్యుడు. టాంజానియా తీరంలోని లిండీలో పుట్టి, స్కాట్లండ్‌లోని డండీలో వైద్యం చేసి పేరు తెచ్చుకున్నారు. 2000లో వచ్చిన ఆదం పటేల్ గుజరాత్‌లోని భరూచ్ ప్రాంతపు ముస్లిం. లాంకషైర్‌లోని బ్లాక్‌బర్న్ ఆయన కార్యక్షేత్రం. 2006లో వచ్చిన కమలేశ్ పటేల్ నైరోబీలో పుట్టి, యార్క్‌షైర్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో పెరిగారు. మొదటి ఆయన ఉత్త ‘లార్డ్ పటేల్’ అయిపోయారు కనుక, తరువాత వచ్చిన ఇద్దరి బిరుదుల్లోనూ పేరు పక్కన ఊరు కూడా చేర్చి, ఒకరిని బ్లాక్‌బర్న్ పటేల్ అనీ మరొకరిని బ్రాడ్‌ఫర్డ్ పటేల్ అనీ గుర్తించవలసి వచ్చింది.

ఇంగ్లండ్‌లో పటేల్ అనగానే మూలమీది కిరాణా కొట్టు యజమాని గుర్తుకు రావడం చాలాకాలంగా ఉన్నదే. అక్కడి పత్రికలూ మన పత్రికలూ కూడా పటేళ్లను ఒకే కులంగా, ఒకే సమాజంగా రాస్తుంటాయి. ఆ ఇంటిపేరు వెనక ఉన్న చరిత్ర మాత్రం అందుకు ఒప్పుకోదు. పటేల్ అన్నది మొదట ఇంటిపేరే కాదు, ఉద్యోగం పేరు. ఆ ఉద్యోగం పేరును వేరు వేరు మనుషులు వేరు వేరు కాలాల్లో ఇంటిపేరుగా చేసుకుని, వేరు వేరు దారుల్లో బ్రిటన్ చేరారు. నేటి బ్రిటన్ పటంలో ఆ పేరు ఎక్కడ గుమిగూడి ఉన్నదో చూస్తే ఆ దారుల జాడలే కనిపిస్తాయి.

మాళవాన్ని ఏలిన పరమార రాజుల దానశాసనాల్లో, భూమి దానం చేసిన సంగతిని రాజు ఎవరెవరికి తెలియజేస్తున్నాడో చెప్పేచోట, గ్రామవాసులతో పాటు ‘పట్టకిలుడు’ అనే పెద్ద కనిపిస్తాడు. పట్టం, అంటే రాజు ఇచ్చిన పత్రం, ఎవరి చేతిలో ఉందో అతడే పట్టకిలుడు. ఆ మాటే మరాఠీలో పాటీల్ అయింది, గుజరాతీలో పటేల్ అయింది. తెలుగు పాఠకుడికి ఇది మరీ కొత్త సంగతేమీ కాదు. మన పట్టా, పట్టాదారు అన్న మాటలూ ఆ మూలం నుంచి వచ్చినవే. తెలంగాణ పల్లెల్లో నిజాం కాలం నుంచి శిస్తు వ్యవహారం చూసే మాలీ పటేల్, శాంతిభద్రతలు చూసే పోలీస్ పటేల్, లెక్కలు రాసే పట్వారీ ఉండేవారు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ పదవులను రద్దు చేసేదాకా ఊళ్లో పటేల్ అంటే ఇంటిపేరు కాదు, అధికారం. కరణీకం చేసిన కుటుంబాలకు కరణం అన్నదే ఇంటిపేరుగా మిగిలిపోవడం మనం చూసిందే. గుజరాత్‌లో జరిగింది కూడా అటువంటిదే, అయితే అది చాలా పెద్ద ఎత్తున జరిగింది.

అంత పెద్ద ఎత్తున జరగడానికి కారణం ఖేడా జిల్లాలో ఉంది. మహీ నదికి ఉత్తరాన ఉన్న చరోతర్ అనే సారవంతమైన నేల పొగాకుకూ పాడికీ ప్రసిద్ధి. అక్కడి ముఖ్యమైన సేద్యగాళ్లు కణబీలు. కుటుంబి అన్న సంస్కృత పదం నుంచి వచ్చిన ఆ పేరుకు గృహస్థుడైన రైతు అని అర్థం. ఈ ప్రాంతంలోని కొన్ని గ్రామాలకు సర్కారు శిస్తును ఊరంతటికీ మొత్తంగా నిర్ణయించేది. ఊరి మూలపురుషుల సంతతి దాన్ని తమలో తాము వంతులు వేసుకుని చెల్లించేది. ఆ వంతును ‘పాటీ’ అంటారు. పాటీ ఉన్నవాడు పాటీదారు. ఈ పద్ధతిని నర్వా అనేవారు. ఈ భాగాలు చీలిపోకుండా కాపాడటానికి బొంబాయి ప్రభుత్వం 1862లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది. భాగస్వాములందరూ ఊరిపెద్ద అధికారానికి హక్కుదారులమని భావించుకున్న చోట, పటేల్ అన్న గౌరవ నామం ఒక్క మనిషితో ఆగిపోకుండా వంశమంతటికీ పాకింది. శిస్తు వ్యవహారంలోనే ఇతర పదవులు నిర్వహించిన పాటీదారుల్లో కొందరు అమీన్, దేశాయి అన్న పేర్లు పెట్టుకున్నారు. అందుచేత పాటీదారులందరూ పటేళ్లు కారు.

పటేళ్లందరూ పాటీదారులూ కారు. దక్షిణ గుజరాత్‌లోని కోలీ కులంవారిలో పటేళ్లు ఉన్నారు. భరూచ్ జిల్లాలో సేద్యం చేసే సున్నీ వోహ్రా ముస్లింలలో ఉన్నారు. పార్సీలలోనూ ఉన్నారు. కణబీ అన్న పేరు వదిలి పాటీదారు అన్న పేరు కోసం ఆ కులం వారు చేసిన పోరాటం 1931 జనగణనలో ఫలించింది. ఆలోగానే పటేల్ అన్న మాట రెవెన్యూ రికార్డుల్లోనూ, బడి రిజిస్టర్లలోనూ, ఓడ ఎక్కడానికి కావలసిన కాగితాల్లోనూ గట్టిగా పాతుకుపోయింది. ఒకసారి కాగితం మీదికెక్కిన పేరును మార్చడం ఎంత కష్టమో మన ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా అని విదేశీ దరఖాస్తులతో కుస్తీ పట్టిన ప్రతి తెలుగువాడికీ తెలుసు. గుజరాతీలకు ఆ ఇబ్బంది లేదు. వారు తమ పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అన్న వరుసలోనే రాస్తారు. ఇంగ్లిష్ గుమాస్తా తండ్రి పేరును నడిమి పేరుగా భావించి ముందుకు సాగిపోయాడు.

చరోతర్ పాటీదార్లలో కరంసద్, నడియాద్, వసో, సోజిత్రా, ధర్మజ్, భాద్రణ్ అనే ఆరు ఊళ్లవారు అందరికంటే పై మెట్టులో ఉన్నట్టు లెక్క. వల్లభ్‌భాయి పటేల్ పుట్టింది నడియాద్‌లోని మేనమామల ఇంట్లో, సొంత ఊరు కరంసద్. కింది ఊరివారు పై ఊరివారికి ఆడపిల్లను ఇవ్వాలని ఆరాటపడేవారు, అందుకు కట్నం పోసేవారు. భూమి తరం తరానికి చీలి చిన్నదవుతుండగా, సంవత్ 1956లో, అంటే 1899–1900లో వచ్చిన కరవు గుజరాత్ పల్లెలను కుంగదీసింది. ఆ కరవును ఇప్పటికీ ‘ఛప్పనియో’ అని తలుచుకుంటారు. సరిగ్గా అప్పుడే సముద్రానికి అవతల మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా రైలుమార్గం పడుతోంది. ఆ పట్టాలు వేసిన కూలీలు ప్రధానంగా పంజాబీలు. గుజరాతీలు పట్టాల వెంట గుమాస్తాలుగా, స్టేషన్ మాస్టర్లుగా, దుకాణదారులుగా వెళ్లారు. ఆఫ్రికా డబ్బుతో ఊళ్లో పక్కా ఇల్లు లేచేది, పై ఊరి సంబంధం కుదిరేది. కరవు తరిమిందని మాత్రమే చెప్పే కథనాలు ఈ పరువు లెక్కను వదిలేస్తాయి. నా దృష్టిలో వలస ఒక తరంతో ఆగిపోకుండా సాగడానికి ఆకలి కంటే ఇదే పెద్ద కారణం.

ఆఫ్రికా నుంచి బ్రిటన్‌కు రెండో ప్రయాణాన్ని నిర్ణయించింది చట్టాలు. 1948 జాతీయతా చట్టం ప్రకారం వలస రాజ్యాల్లోని ప్రజలు కూడా బ్రిటిష్ పౌరులే. 1963 డిసెంబరులో కెన్యా స్వతంత్రమైనప్పుడు అక్కడి భారతీయులకు స్థానిక పౌరసత్వం తీసుకోవడానికి రెండేళ్ల గడువు ఇచ్చారు. చాలామంది తీసుకోకుండా బ్రిటిష్ పాస్‌పోర్టులనే అట్టిపెట్టుకున్నారు. ఉద్యోగాలు, వ్యాపార అనుమతులు ఆఫ్రికన్లకే అన్న విధానం బిగుసుకోగానే విమానాలు నిండసాగాయి. అది చూసి బెదిరిన లేబర్ ప్రభుత్వం 1968లో, తామో, తల్లిదండ్రులో, వారి తల్లిదండ్రులో బ్రిటన్‌లో పుట్టినవారికి తప్ప మిగతా పాస్‌పోర్టుదారులకు తలుపులు దాదాపు మూసే చట్టాన్ని మూడు రోజుల్లో పార్లమెంటు చేత ఆమోదింపజేసింది. ఆ తలుపు నాలుగేళ్లకే తెరవక తప్పలేదు. 1972 ఆగస్టు 4న ఉగాండా నియంత ఇదీ అమీన్ ఆసియా వారు 90 రోజుల్లో దేశం విడిచిపోవాలని ప్రకటించాడు. సుమారు 28 వేలమంది బ్రిటన్ చేరారు. లెస్టర్ నగరపాలక సంస్థ అయితే, మా ఊళ్లో ఇళ్లు లేవు, బడుల్లో చోటు లేదు, రావద్దంటూ ఉగాండా పత్రికలో ప్రకటన వేయించింది. ఆ ఊళ్లో అప్పటికే గుజరాతీ కుటుంబాలు స్థిరపడ్డాయి, ఆడవాళ్లకు కూడా పని దొరికే అల్లిక బట్టల మిల్లులు ఉన్నాయి. ప్రకటన చదివాకే లెస్టర్ అనే ఊరు ఒకటుందని మాకు తెలిసిందని చెప్పుకుని నవ్వుకునేవారు కూడా ఉన్నారు. ఏమైనా వచ్చేవారు వచ్చారు. ఖాళీ పడుతున్న బెల్‌గ్రేవ్ రోడ్డు కొన్నేళ్లలో చీరల దుకాణాలతో, నగల అంగళ్లతో నిండిపోయింది.

కచ్ నుంచి వచ్చినవారి దారి దీనికి దగ్గరగా సాగినా, వేరే దారే. భుజ్ చుట్టుపక్కల మాధాపర్, బళదియా, కేరా వంటి ఊళ్లనుంచి లేవా అనే శాఖకు చెందిన పటేళ్లు తాపీ పనివారుగా, కాంట్రాక్టర్లుగా కెన్యా వెళ్లారు. నైరోబీ కట్టడాల్లో వారి చెమట ఉంది. స్వామినారాయణ సంప్రదాయం వారిని బిగువుగా కట్టి ఉంచింది. లండన్‌లో విల్స్‌డెన్, కెంటన్ ప్రాంతాల్లో స్థిరపడి అక్కడే గుడులు కట్టుకున్నారు. వీరిలో చాలామంది కాగితాల్లో పటేల్ అని కాకుండా హీరాణీ, హాలాయీ, వేకరియా, పిండోరియా వంటి తమ ఉపశాఖ పేర్లు రాసుకుంటారు. ఒకే ఊరి బంధువుల్లో ఒక ఇంటివారు పటేల్‌గా, పక్కింటివారు హీరాణీగా ఓటర్ల జాబితాకెక్కారు. పటేళ్ల సంఖ్యను బట్టి కచ్ సమాజాన్ని అంచనా వేయబోతే లెక్క ఎక్కడికీ పొంతన కుదరదు.

మూడో దారి ఆఫ్రికాను తాకకుండానే సాగింది. భరూచ్, సూరత్ పల్లెల ముస్లిం రైతులు 1950, 60 దశకాల్లో నేరుగా ఉత్తర ఇంగ్లండ్ నూలు, ఉన్ని మిల్లులకు వెళ్లారు. తెల్లవారు వద్దనుకున్న రాత్రి షిఫ్టులు వీరికి దక్కాయి. వలసపై ఆంక్షలు 1962 జూలైలో అమలులోకి వస్తాయని తెలియగానే అంతకు ముందే వెళ్లిపోవాలన్న తొందర పెరిగింది. ఒక ఊరినుంచి వెళ్లినవాడు మరో పదిమందిని పిలిపించుకున్నాడు. బ్లాక్‌బర్న్, బోల్టన్, ప్రెస్టన్, డ్యూస్‌బరీ, బాట్లీ పట్టణాల్లో పటేల్ అంటే చాలాచోట్ల ముస్లిం పేరు. డ్యూస్‌బరీలోని తబ్లీగీ మర్కజ్‌కు, అంటే ముస్లిం ధర్మప్రచార ఉద్యమమైన తబ్లీగీ జమాత్ కేంద్రానికి, దశాబ్దాలపాటు పెద్దగా ఉన్నాయన పేరు హాఫిజ్ పటేల్. మిల్లులు మూతపడ్డాక ఈ పట్టణాలు అనుభవించిన పేదరికానికీ, లండన్‌లోని హారో ప్రాంతపు పటేళ్ల ఫార్మసీలకూ ఏ పోలికా లేదు.

1881 నాటి బ్రిటన్ జనగణనలో పటేల్ అన్న పేరు వెతికినా దాదాపు దొరకదు. నూట ఇరవై ఏళ్లు తిరిగేసరికి దేశంలో అత్యధికులకున్న తొలి యాభై ఇంటిపేర్లలో చేరింది. లండన్ మహానగరంలోనైతే స్మిత్, జోన్స్‌ల పక్కన నిలిచింది. లండన్‌లో ఇది వాయవ్య దిక్కున దట్టంగా ఉంది: బ్రెంట్, హారో, వాటిని ఆనుకున్న శివార్లు. 2021 జనగణనలో హారో జనాభాలో 25.8 శాతం హిందువులు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఏ స్థానిక సంస్థలోనూ ఇంత శాతం లేదు. అదే జనగణనలో లెస్టర్ జనాభాలో ఆసియా మూలాలవారు 43.4 శాతంగా తేలారు. ఇంకా ఉత్తరాన బ్లాక్‌బర్న్, దాని పొరుగునున్న డార్వెన్ కలిసిన ప్రాంతంలో ముస్లింలు 35 శాతం. ఈ మూడు చోట్లా పటేళ్లు కనిపిస్తారు, మూడు చోట్లా వారి చరిత్ర వేరు.

ఈ పేరు అంత పైకి ఎగబాకడం చూసి బ్రిటన్ భారతీయుల్లో అధికులు పటేళ్లేనని అనుకోవడం పొరపాటు. ఇంటిపేర్ల పట్టికలో స్థానం జనసంఖ్య మీద ఎంత ఆధారపడుతుందో, ఆ జనం ఎన్ని పేర్లను పంచుకుంటున్నారన్న దానిమీద కూడా అంతే ఆధారపడుతుంది. తెలుగువారి ఇంటిపేర్లు ఊళ్లనుంచీ, వృత్తులనుంచీ, పూర్వీకుల గుణాలనుంచీ పుట్టి వేలల్లో ఉన్నాయి. బ్రిటన్‌లో తెలుగువారు ఇంకెన్ని రెట్లు పెరిగినా వాటిలో ఏ ఒక్కటీ పట్టిక పైకి చేరదు. చేరితే గీరితే రెడ్డి చేరాలి. అదీ ఒకప్పుడు ఊరిపెద్దను సూచించిన మాటే, ఇంటిపేరు కాని ఇంటిపేరే.

లెక్కల కోసం పేర్లను వాడుకునేవారికి ఈ సంగతి బాగా తెలుసు. జాతి వివరాలు నమోదుకాని ఆసుపత్రి రికార్డుల్లో దక్షిణాసియా వారిని గుర్తించడానికి బ్రిటన్ ఆరోగ్య పరిశోధకులు ‘నామ్ పెహచాన్’ వంటి కంప్యూటర్ ప్రోగ్రాములు తయారుచేసుకున్నారు. పటేల్ అన్న పేరు వాటికి తేలిగ్గా చిక్కుతుంది. కానీ ఆ పటేల్ హిందువా, ముస్లిమా అన్నది ఇంటిపేరు చెప్పలేదు. అందుకు ముందున్న సొంత పేరును చూడవలసిందే.

పటేళ్లు తమలో తాము ఈ చిక్కును ఎప్పుడో విప్పుకున్నారు. ఇద్దరు చరోతర్ పటేళ్లు లండన్‌లో కలిస్తే ఇంటిపేరు అడగడంలో అర్థం లేదు కనుక, ‘కయా గామ్ నా?’, అంటే ‘మీదే ఊరు?’ అని అడుగుతారు. ఆరు ఊళ్లవారికి ఒక సంఘం, ఇరవై ఏడు ఊళ్లవారికి మరొకటి, ధర్మజ్ వారికి వేరే. వెంబ్లీలోని ఫార్టీ అవెన్యూలో పెళ్లిళ్లు జరిగే సత్తావీస్ పాటీదార్ సెంటర్ బోర్డు మీద ఉన్నది అదే. సత్తావీస్ అంటే ఇరవై ఏడు.