ఉప్పు తిన్న బండి: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

కొని బాగుచేసుకుందామనుకుంటున్న పాత పికప్పుకి ఏమేం చేయాలో మీరు రాసి పంపిన జాబితా చదివాను. పైన రంగు, దాని కింద సీటు కవర్లు, ఆ కింద పాటల పెట్టె. బ్రేకు అన్న మాట ఎక్కడా లేదు! చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లు ఈ జాబితాని తలకిందులుగా చదవాలి. బండి ముందు ఆగాలి, తర్వాత చెప్పినట్టు తిరగాలి, ఆ తర్వాత నడవాలి. మెరవడం ఆఖర్న. కానీ మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వీటన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇంకొకటుంది. అది తుప్పు.

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా పక్కనే సముద్రం. ఇక్కడి బండికి ఇంజిన్ కన్నా ముందు ఛాసీ, అంటే బరువంతా మోసే కింది ఇనుప చట్రం పోతుంది. నౌపడ ఉప్పు మోసినా, భావనపాడు దగ్గరో కోనాడ దగ్గరో ఐసులో పెట్టిన చేపలు మోసినా, సరుకు వేసే తొట్టి సందుల్లోంచి కారిన ఉప్పు నీరంతా ఏళ్ల తరబడి ఛాసీ మీదే పడి ఉంటుంది. పలాసలో జీడిపిక్కల బస్తాలు మోసిన బండి అంతకన్నా చాలా నయం. అందుకని కొనేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని కాదు, ఏం మోసిందని అడగండి. 2014 హుద్‌హుద్‌లోనో 2018 తిత్లీ తుపానులోనో నీట మునిగిందేమో కూడా చూడండి. సీటు కింది పట్టాలు, డ్యాష్‌బోర్డు వెనకాల, ఫ్యూజు పెట్టె మూలలు ఈ మూడు చోట్లా ఎండిన బురద గీత కనిపిస్తే ఆ బండి వైరింగు మొత్తం కొత్తది వేయాల్సిందేనని లెక్క కట్టుకోండి.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తాను. నంబరు ప్లేటు మీద ఏపీ 30 అయితే శ్రీకాకుళం, ఏపీ 35 అయితే విజయనగరం. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. ఆర్సీలో ఫైనాన్స్ ఉంటే, అమ్మేవాడు అప్పు తీరిందని చెప్పే ఫారం 35, ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన ఎన్‌ఓసీ చూపించేదాకా అడ్వాన్సు ఇవ్వకండి. పేరు మార్పుకి 29, 30 ఫారాలు కావాలి. సరుకు బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. 15 ఏళ్లు దాటినవాటికి 2022 ఏప్రిల్‌లో ఫీజు బాగా పెరిగింది. ఇప్పుడు అది ఎంతో ముందే కనుక్కుని బండి ధరలో కలుపుకోండి. రంగు మార్చినా, ఇంజిన్ మార్చినా ఆర్సీలో ఎక్కించాలి.

ఏ బండి తీసుకోవాలని అడిగారు. డీజిల్ నెట్టే పంపు, దాన్ని చిమ్మే నాజిళ్లు మామూలు యంత్రంలా పనిచేసే పాత డీజిల్ బండి తీసుకోండి. మహీంద్రా పికప్పుల్లో వచ్చిన 2523 సీసీ నాలుగు సిలిండర్ల డీఐ (డీజిల్‌ని నేరుగా సిలిండర్లోకి చిమ్మే) ఇంజిన్, టాటా 207లో వచ్చిన డీఐ ఇంజిన్ అలాంటివే. వీటిని పానాలతో బాగుచేయొచ్చు, సామానూ దొరుకుతుంది. తర్వాత వచ్చిన కామన్ రైల్ బండ్లు కంప్యూటర్ తగిలించనిదే నోరు విప్పవు. ఇంట్లో పనికి అవి వద్దు.

ఇప్పుడు తుప్పు దగ్గరికి వద్దాం. ఇక్కడ తొందరపడకండి.

చేతిలో చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవరు పట్టుకుని బండి కిందికి వెళ్లండి. ఛాసీని అడుగడుక్కీ కొడుతూ రండి. గట్టి ఇనుము గంటలా మోగుతుంది. పుచ్చిన ఇనుము ‘దబ్’మంటుంది. ఆ చోట స్క్రూడ్రైవరుతో పొడవండి, దిగిపోతే ఇనుము పోయినట్టే. వెనక కమాన్ కట్టలు (బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు) వేలాడే బ్రాకెట్లు, తొట్టి అడ్డపట్టీలు ఛాసీ మీద కూర్చునే చోట్లు, క్యాబిన్ కింద అదురు ఆపే రబ్బరు బుష్‌ల కింద, బ్యాటరీ తట్ట (అక్కడ యాసిడ్ కూడా తింటుంది), తలుపుల అడుగు అంచు, ముందు అద్దం రబ్బరు కింది మూలలు, కాలి మ్యాట్ కింద రేకు. ఇవన్నీ నీరు నిలిచే చోట్లు. తలుపు అడుగున, పెట్టెలా మూసి ఉన్న ఛాసీ భాగాల అడుగున నీరు పోవడానికి కన్నాలుంటాయి. మట్టి పట్టి అవి మూసుకుపోతే లోపల చెరువే. కన్నాలు తెరవడానికి రూపాయి ఖర్చు లేదు. ముందు అదే చేయండి.

పొడవు ఛాసీ పట్టీ మీద, ముఖ్యంగా స్టీరింగ్ పెట్టె దగ్గరో కమాన్ బ్రాకెట్ దగ్గరో పెద్ద పగులుంటే ఆ బండి కొనకండి, ఎంత చవకైనా సరే. చిన్న పగులైతే దాని కొసన 5 లేదా 6 మి.మీ. కన్నం పెట్టిస్తే అది ఇంక పాకదు. తర్వాత పగులుని ‘వి’ ఆకారంలో గాడి చేసి వెల్డింగ్ పెట్టించాలి. ఈ పని చేయి తిరిగిన వెల్డరుకే ఇవ్వండి. మీరు నేర్చుకోవడానికి క్యాబిన్ రేకులు బోలెడున్నాయి.

కడగడం చిన్న పనిలా కనిపిస్తుంది, కానీ సగం తుప్పు గొడవ ఇక్కడే తేలుతుంది. రంగు కింద ఉప్పు ఉండిపోతే అది గాలిలో తేమని లాగి, కొన్ని నెలల్లో రంగుని బొబ్బల్లా లేపుతుంది. ఒకసారి గట్టిగా కడిగి, రోజంతా ఎండలో ఆరబెట్టి, మళ్లీ కడగాలి. ఏ నీళ్లతో అన్నది మరీ ముఖ్యం. తీరం ఊళ్లలో చాలా బోర్లు ఉప్పు నీరే ఇస్తాయి. దాంతో కడిగితే ఉప్పుని ఉప్పుతో కడిగినట్టే. నాలుక మీద చుక్క వేసుకుని చూడండి. ఉప్పగా ఉంటే బండిని మంచి నీరున్న సర్వీసింగ్ షెడ్డుకి తోలించండి.

ఆరాక వైరు బ్రష్షు. నాలుగు అంగుళాల గ్రైండరుకి కప్పు బ్రష్షు తగిలిస్తే పని వేగంగా అవుతుంది, కానీ దాని తీగలు ఊడి సూదుల్లా ఎగురుతాయి. కళ్లద్దాలు లేకుండా స్విచ్ వేయకూడదు. పొలుసులు లేచే తుప్పంతా పోవాలి. గుంతల్లో మిగిలిన ఎరుపు మీదే ఫాస్ఫరిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ (తుప్పుని గట్టి పొరగా మార్చే మందు) రాయాలి. పొలుసు మీద రాస్తే కింద తుప్పు బతికే ఉంటుంది. ఎంత తోమారో అంతకి ఆ పూటే ప్రైమర్ పడాలి. మన తీరపు గాలికి రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ తేమని పీలుస్తుంది కాబట్టి దాన్నే ఆఖరి పూత అనుకోకండి, రెండు మూడు రోజుల్లో పైన ఎనామెల్ వేయాలి. పికప్పు ఛాసీకి, ఇరుసులకి కలిపి రెండు పూతలకి రెండు లీటర్ల ప్రైమరు, రెండు లీటర్ల నల్ల ఎనామెల్ సరిపోతాయి. బ్రష్షుతో వేసుకోండి, స్ప్రే కన్నా మూలల్లోకి బాగా వెళ్తుంది. తుప్పు తీయకుండా పైన తారులాంటి అండర్ కోటింగ్ కొట్టించడం మన దగ్గర పెద్ద అలవాటు. అది గాయం కడగకుండా కట్టు కట్టడం. వాడి తీసేసిన ఇంజిన్ ఆయిల్ పూయడం ఇంకో అలవాటు. దానికి రబ్బరు బుష్‌లు ఉబ్బి మెత్తబడతాయి.

గేజీ అంకె తగ్గేకొద్దీ రేకు మందం. క్యాబిన్ రేకుకి 20 గేజీ, కాళ్లు పెట్టే నేలకి 18 గేజీ చాలు. తొట్టి నేలకి 14 గేజీ, అంటే రెండు మి.మీ. వేయండి. పుచ్చిన చోటుని మెరిసే ఇనుము తగిలేదాకా కోసేయాలి. పలచ రేకు మీద మామూలు ఆర్క్ వెల్డింగ్ కన్నాలు పెడుతుంది, సీఓటూ వెల్డింగ్ ఉన్న షెడ్డుకి వెళ్లండి. ఒకే గీతగా లాగిస్తే రేకు అప్పడంలా వంకర పోతుంది. ఒక సెంటీమీటరు ఇక్కడ, ఒక సెంటీమీటరు అవతల, ఇలా చల్లారనిస్తూ పెట్టించాలి. వెల్డింగ్ అంటించే ముందు బ్యాటరీ తీగలు, డైనమో (ఆల్టర్నేటర్) తీగలు ఊడదీయండి, లేకపోతే డైనమో డయోడ్లు కాలిపోతాయి. డీజిల్ ట్యాంకుకి వెల్డింగ్ మాత్రం మీ పెరట్లో జరగకూడదు. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం, లోపలి ఆవిరి పేలుతుంది. కన్నం మీద లప్పం పెట్టి మూసేసే పని కూడా వద్దు. లప్పం వెనక నుంచి నీరు పీల్చి, ఒక్క వానాకాలానికే ఊడిపోతుంది. వెల్డింగ్ అయ్యాక ఎత్తుపల్లాలు సరిచేయడానికే లప్పం, అదీ రెండు మూడు మి.మీ. మందం మించకుండా.

ఇంకో మాట. జాకీ బండిని ఎత్తడానికే, మోయడానికి కాదు. కింద దూరేముందు ఇనుప స్టాండ్లు గానీ, మందపాటి సాల కర్ర దిమ్మలు గానీ పెట్టండి. సిమెంటు ఇటుకలు చెప్పకుండా పగిలిపోతాయి. నేల మీదున్న చక్రాలకి ముందూ వెనకా అడ్డు వేయండి.

బ్రేకుల్లో పిసినారితనం పనికిరాదు. పెడల్ తొక్కితే బ్రేకు నూనెని నెట్టే మాస్టర్ సిలిండర్ కిట్టు, చక్రాల సిలిండర్ల కిట్లు, రబ్బరు గొట్టాలు అన్నీ కొత్తవే, మంచి కంపెనీవే వేయాలి. రబ్బరు గొట్టం పైకి బాగున్నా లోపల ఉబ్బి ఉంటుంది. పెడల్ తొక్కితే నూనె వెళ్తుంది, వదిలితే తిరిగి రాదు. చక్రం పట్టేసి కాలుతుంటే ముందు దాన్నే అనుమానించండి. ఇనుప పైపులు తుప్పు పట్టి ఉంటే అన్నీ మార్చేయండి. రాగి పైపు వంచడం సులువని మెకానిక్కులు వేసేస్తారు, అది అదురుకి గట్టిపడి పగులుతుంది, ఒద్దనండి. బ్రేకు రబ్బర్లని డీజిల్‌తోనో కిరసనాయిలుతోనో కడగకూడదు, ఉబ్బిపోతాయి. బ్రేకు నూనెతోనే కడగాలి. బ్రేకు పైపుల్లోంచి గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి. మన బండ్లలో వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. డబ్బా మూత ఒకసారి తీసిన బ్రేకు నూనె గాలిలో తేమని తాగేస్తుంది, మిగిలింది దాచి వచ్చే ఏడాది పోయొద్దు. డ్రమ్ముల్లో పేరుకున్న ధూళిని గాలి కొట్టి ఎగరేయకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి. డ్రమ్ములో గాళ్లు పడితే లేత్ మీద తిప్పించవచ్చు, కానీ ఎంత వ్యాసం దాటకూడదో డ్రమ్ము మీదే కొట్టి ఉంటుంది. అది దాటితే కొత్తదే.

స్టీరింగ్ పరీక్ష ఇద్దరు చేయాలి. ముందు చక్రం ఎత్తి పైనా కిందా పట్టి ఊపితే బేరింగూ బాల్ జాయింటూ, పక్కలకి పట్టి ఊపితే టై రాడ్డూ తెలుస్తాయి. ఒకరు ఊపితే ఒకరు వేలు పెట్టి ఏది ఆడుతోందో చూడాలి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గాళ్లు బాగున్నాయని ముసలి టైరు కొనకండి.

ఇంజిన్ గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే చాలా ఇంజిన్లని అనవసరంగా దింపేస్తారు. ఏళ్లుగా నిలబడి ఉన్నదాన్ని నేరుగా సెల్ఫ్ కొట్టకండి. నాజిళ్లు తీసి ఒక్కో సిలిండర్లో ఒక చెంచా ఆయిల్ పోసి, రాత్రంతా వదిలి, క్రాంక్ పుల్లీ నట్టుకి పానా పెట్టి చేత్తో రెండు చుట్లు తిప్పండి. తిరిగితే సగం గెలిచినట్టే. ట్యాంకు దింపి పాత డీజిల్, అడుగు మడ్డి పారబోసి, ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు కొత్తవి వేయండి. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ బుడగలు ఆగేదాకా గాలి తీయండి. నాజిల్ పైపు దగ్గర చిమ్మే డీజిల్‌కి వేలు అడ్డం పెట్టకూడదు, ఆ ఒత్తిడికి అది చర్మంలోకి దూరిపోతుంది. మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు ఎయిర్ ఫిల్టరు గొట్టం ఊడదీసి, పక్కన ఒక చెక్కపలక పెట్టుకోండి. ఇంజిన్ చెప్పిన మాట వినకుండా రేసు అయిపోతే పలకతో గాలి మూసేయాలి. చెయ్యి మాత్రం పెట్టకూడదు.

పొగ చెప్పేది వినండి. నలుపైతే గాలి తక్కువో, నాజిళ్లు పాడో. నీలమైతే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెలుపు పోకపోతే, రేడియేటర్లో నీరు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగం కింద ఉండే పొర) పోయినట్టు. ఆయిల్ పాల టీ రంగులో ఉన్నా అదే. ఆయిల్ మూత తీస్తే పొగ బుస్సుబుస్సుమని కొడుతుంటేనే బోరు పని, అంటే అరిగిన సిలిండర్లు బాగుచేయించడం. అది లేకపోతే నాజిళ్లు టెస్ట్ చేయించి, వాల్వులు సర్ది ఊరుకోండి. ఇంజిన్ వేడెక్కేదాకా రేడియేటర్ నీటిని ఆపే థర్మోస్టాట్‌ని మన ఎండలకి అక్కర్లేదని తీసి పారేస్తారు కొందరు. దాంతో ఇంజిన్ ఎప్పుడూ చల్లగా నడిచి, డీజిల్ ఎక్కువ తాగి, తొందరగా అరుగుతుంది. తీసేసి ఉంటే కొత్తది వేయించండి.

లైట్లు మసకగా ఉంటే బల్బులు కొనే ముందు ఎర్త్ చూడండి. ఇంజిన్‌కీ ఛాసీకీ మధ్య ఉండే అల్లిక తీగ ఉప్పు గాలికి పచ్చబడి ఉంటుంది. దాన్ని మార్చి, బోల్టు కూర్చునే చోటు గీకి, పైన గ్రీజు రాస్తే సగం కరెంటు రోగాలు పోతాయి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య రావాలి.

రంగుకి ఇప్పుడు వద్దాం. దసరా తర్వాత విజయనగరంలో జరిగే సిరిమానోత్సవం వెళ్లాక తుపాన్ల కాలం, అప్పుడు వద్దు. రథసప్తమి నుంచి ఉగాది లోపల, మంచు విడిచాక, ఉదయం తొమ్మిది దాటి మొదలుపెట్టండి. తేమ రోజున ఎన్‌సీ (త్వరగా ఆరే నైట్రోసెల్యులోజ్) రంగు కొడితే పొగమంచు పట్టినట్టు తెల్లబడుతుంది. పీయూ (పాలీయూరిథేన్) రంగు అందంగా ఉంటుంది, కానీ దాన్ని గట్టిపరచడానికి కలిపే హార్డెనర్ ఊపిరితిత్తులకి విషం, గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. ఇంటి దగ్గర అది కొట్టకండి. మీ డబ్బుకి ఎనామెలే తగినది. లప్పం మీద 120, 220 నంబరు గరుకు కాగితం, సర్ఫేసర్ (రంగు కింద వేసే నునుపు పూత) మీద 400 వాటర్ పేపరు తడిగా రుద్దండి. క్యాబిన్‌కి రెండు లీటర్లు, తొట్టికి ఇంకో రెండు లీటర్ల ఎనామెల్ చాలు.

డబ్బు లెక్క ఒకటే: లక్ష ఉంటే అరవై వేలకే ప్లాను వేయండి. మిగతా నలభై వేలు విప్పాక బయటపడేవాటికి. తలుపులు, బంపరు, సీటు, డైనమో లాంటివి విశాఖ గాజువాక ఆటోనగర్లో పాతవి తెచ్చుకోండి. బ్రేకు రబ్బర్లు, టైరు, స్టీరింగ్ జాయింటు పాతవి వద్దు. కడగడం, తోమడం, ప్రైమరు, వైర్లు మీరు చేసుకోండి. ఛాసీ వెల్డింగ్, డీజిల్ పంపు, డ్రమ్ము లేతు, చక్రాల అలైన్‌మెంటు బయట చేయించండి.

రోడ్డెక్కాక యాభై కిలోమీటర్లకి చక్రాల నట్లు, కమాన్ కట్టల యూ బోల్టులు మళ్లీ బిగించండి, కొత్తగా వేసినవి కూర్చుని వదులవుతాయి. అయిదొందలకి ఇంజిన్ ఆయిల్ మార్చండి.

మీ తాతయ్య

తా.క. గ్రైండరు పట్టుకునే ముందే ఛాసీ నంబరు వెతికి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకుని, దాని మీద మందపాటి టేపు అంటించేయండి. నంబరు అరిగిపోయిందంటే ఆ బండిని ఫిట్‌నెస్‌కి తీసుకెళ్లి ఏం లాభం లేదు.