టార్గెట్‌ను 26తో భాగిస్తే ప్లాన్ కాదు: సేల్స్ లైనులో అపోహలు – వాస్తవాలు

సబ్బులు, టూత్‌పేస్టులు, బిస్కెట్లు కిరాణా కొట్లకు చేర్చే పనిలో నాకు పందొమ్మిదేళ్లు నిండాయి. మొదటి ఆరేళ్లు విజయవాడలో ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర సేల్స్‌మన్‌గా బీట్లు, అంటే నాకు అప్పగించిన కొట్ల వరసలు, తిరిగాను. తరువాత గుంటూరు, తెనాలి వైపు సేల్స్ ఆఫీసర్‌గా కొత్తవారికి పని నేర్పుతూ వస్తున్నాను. రోజును ఎలా ప్లాన్ చేసుకోవాలో వీరు ఎక్కడెక్కడో విన్న మాటలు పట్టుకొని వస్తారు. ఆ మాటలను నమ్మి మంచి కుర్రాళ్లు ఆరు నెలలకే లైను వదిలి వెళ్లిపోవడం చూశాను. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

అపోహ: లక్ష్యాన్ని కాగితం మీద రాసుకుంటే సగం సాధించినట్టే

ట్రైనింగ్ క్లాసుల్లో ఈ కథ వినని సేల్స్‌మన్ అరుదు. 1953లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో చదువు ముగించిన విద్యార్థుల్లో 3 శాతం మందే తమ లక్ష్యాలను రాసుకున్నారట. ఇరవై ఏళ్ల తరువాత చూస్తే, మిగిలిన 97 శాతం మంది ఆస్తినంతా కలిపినా ఆ 3 శాతం మంది ఆస్తికి తూగలేదట. నేను కూడా మా టీముకు ఈ కథ చాలాసార్లు చెప్పాను. అసలు అలాంటి అధ్యయనమే జరగలేదు. 1996లో ఒక అమెరికన్ పత్రిక ఆరా తీస్తే, ఈ కథ చెప్పే వక్తలెవరూ ఆధారం చూపలేకపోయారు. విశ్వవిద్యాలయంలోనూ దాని జాడ దొరకలేదు.

నిజంగా జరిగిన పరిశోధన వేరే ఉంది. ‘శాయశక్తులా చెయ్యి’ అనడం కంటే స్పష్టమైన, కాస్త కష్టమైన లక్ష్యం ఇస్తే మనిషి మెరుగ్గా పనిచేస్తాడని ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు పరిశీలించి చెప్పారు. అయితే అతను ఆ లక్ష్యాన్ని మనసారా ఒప్పుకోవాలి, అది చేరే నేర్పు ఉండాలి, ఎంతవరకు వచ్చాడో ఎప్పటికప్పుడు తెలియాలి. ‘ఫలానా పరిస్థితి ఎదురైతే ఫలానా పని చేస్తాను’ అని ముందే నిర్ణయించుకున్నవారు పనిని ఎక్కువగా పూర్తిచేస్తారని 1999లో పీటర్ గోల్విట్జర్ వివరించారు. నాకు బాగా పనికొచ్చింది ఇదే. డైరీలో ‘ఈ రోజు 25 వేలు’ అని రాస్తే నేను ఒప్పుకోను. ‘మూల కొట్టు యజమాని డ్యామేజీ సరుకు మాట ఎత్తితే, ముందు దాని లెక్క తేల్చి ఆ తరువాతే కొత్త ఆర్డరు అడుగుతాను’ అని రాయమంటాను.

అపోహ: నెల టార్గెట్‌ను 26తో భాగిస్తే రోజు ప్లాన్ వచ్చేస్తుంది

ఈ లైనులో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ లెక్కే. 6 లక్షల టార్గెట్‌ను 26 పనిదినాలతో భాగిస్తే రోజుకు సుమారు 23 వేలు. సంఖ్య సరైనదే. కానీ పొద్దున బండి తీసేటప్పుడు ఏం చేయాలో అది చెప్పదు.

మీ బీటులో 40 కొట్లు ఉన్నాయనుకోండి. రోజూ 22 కొట్లలో బిల్లు అవుతోంది, సగటు బిల్లు 900 రూపాయలు. అంటే రోజుకు 19,800. ఇంకో 3,200 కావాలి. దీనికి రెండు దారులున్నాయి: మరో నాలుగు కొట్లలో బిల్లు చేయడం, లేదా అవే 22 కొట్లలో బిల్లుకు 150 రూపాయల సరుకు పెంచడం. ఇప్పుడు ప్లాన్ మొదలైంది. నిన్న బిల్లు కాని 18 కొట్లలో ఏ నాలుగు? సబ్బు మాత్రమే కొనేవారిలో టూత్‌పేస్టు ఎవరికి చూపించాలి? వీటికి పేర్లతో సహా జవాబు రాసుకున్న కుర్రాడు 23 వేలు అనే మాట మరిచిపోయినా అక్కడికి చేరుతాడు.

పైగా నెలలో రోజులన్నీ ఒకే రకంగా ఉండవు. జీతాలు పడిన మొదటి వారంలో ఇళ్లవారు నెల సరుకులు కొంటారు, కొట్లు ఖాళీ అవుతాయి. 20వ తేదీ దాటితే పెద్ద ప్యాకెట్లు కదలవు, పది రూపాయల సబ్బు, రెండు రూపాయల షాంపూ సాచెట్ కదులుతాయి. సంక్రాంతికి ముందు వారమూ, ఆషాఢంలో ఒక వారమూ ఒకే టార్గెట్ మోయలేవు.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు ఇది బాగా కనిపించింది. సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గుతుందని తెలియగానే కొట్లవారు పాత ధర సరుకు తీసుకోవడం తగ్గించేశారు. రూపాయల్లో మాత్రమే ప్లాన్ చేసుకున్నవారు ఆ రోజుల్లో నీరుగారిపోయారు. మా టీములో ఒక కుర్రాడు మాత్రం రోజూ 40 కొట్లూ ఎక్కాడు. పాత సరుకు ఎంత ఉందో రాసుకున్నాడు, కొత్త ధరలు ఎప్పటి నుంచో చెప్పాడు. కొత్త ధరల స్టాకు రాగానే ముందుగా ఆర్డర్లు వచ్చింది అతనికే. అమ్మకం మన చేతిలో పూర్తిగా ఉండదు. కొట్టు ఎక్కడం మన చేతిలో ఉంది.

అపోహ: పొద్దున్నే మొదలుపెట్టినవాడే ఎక్కువ అమ్ముతాడు

త్వరగా లేవడం మంచిదే. కానీ మన రోజు మన గడియారం ప్రకారం కాదు, కొట్టువారి గడియారం ప్రకారం నడవాలి. ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా కిరాణా కొట్లో పాల ప్యాకెట్లు, రవ్వ, పిల్లల టిఫిన్ సామాను కోసం జనం నిలబడి ఉంటారు. ఆ సమయంలో ఆర్డరు పుస్తకం తెరిస్తే ‘తరువాత రా బాబూ’ అనే మాటే వస్తుంది. ఆ ‘తరువాత’ చాలాసార్లు మరుసటి వారం. పది నుంచి ఒంటిగంట దాకా ఉన్న మూడు గంటలే మనకు బంగారం. వాటిని కలెక్షన్లకూ, ఫోన్లకూ, టీ కొట్టు దగ్గర కబుర్లకూ ఖర్చు చేయకూడదు.

కలెక్షన్‌కు మరో పద్ధతి ఉంది. బోణీ కాకముందు బకాయి అడగకూడదు. శుక్రవారం, దీపాలు పెట్టాక డబ్బు బయటికి ఇవ్వని కొట్లు మా ప్రాంతంలో ఇంకా చాలానే ఉన్నాయి. ఏ కొట్టు ఏ రోజు డబ్బు ఇస్తుందో రాసుకున్న పాతకాలపు జేబు పుస్తకం నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఆర్డర్ యాప్ వచ్చాక కూడా దాన్ని వదలలేదు, ఎందుకంటే యాప్‌లో బాకీ ఎంతో కనిపిస్తుంది కానీ ఆ మనిషి ఆనవాయితీ కనిపించదు.

అపోహ: నిమిషం ఖాళీ లేని ప్లానే మంచి ప్లాన్

1994లో కెనడాలో ఒక పరిశీలన చేశారు. పరిశోధన వ్యాసం ఎప్పటికి పూర్తవుతుందని విద్యార్థులను అడిగితే సగటున 34 రోజులు అన్నారు, పట్టినవి 55కు పైగా. అన్నీ ఎదురుతిరిగితే ఎంత పడుతుందని అడిగినా 49 రోజులకు మించి చెప్పలేదు. చదువుకున్నవారి అంచనాలే అలా ఉంటే, ట్రాఫిక్, వర్షం, యజమాని లేని కొట్టు మధ్య తిరిగే మనం 40 కాల్స్‌ను, అంటే 40 కొట్లు ఎక్కడాన్ని, నిమిషాలతో కొలవడం అత్యాశ. మధ్యాహ్నం ఒక గంట ఖాళీగా ఉంచండి.

ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు అయిపోతుందన్న మాట కూడా నిజం కాదు. లండన్‌లో 96 మందిని గమనించిన అధ్యయనంలో అలవాటు కుదరడానికి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పడుతుందని అంచనా వేశారు. 22వ రోజు డైరీ రాయడం మరిచిపోయిన కుర్రాడిని తిట్టే సూపర్‌వైజర్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అపోహ: నెలాఖరు మూడు రోజుల్లో అంతా సర్దేయవచ్చు

ఒకప్పుడు నేనూ అలాగే చేశాను. 29వ తేదీన నాలుగు హోల్‌సేల్ కొట్లకు వారు అడిగినదానికి మూడింతల బిస్కెట్లు దింపి టార్గెట్ పూర్తిచేశాను. నాలుగు నెలలకు ఎక్స్‌పైరీ దాటిన డబ్బాలు తిరిగి వచ్చాయి. ఆ కొట్లలో ఒకాయన, నన్ను తమ్ముడూ అని పిలిచే పెద్దాయన, డబ్బాలన్నీ నా ముందు వరసగా పేర్చి ఒక్క మాట కూడా అనలేదు. ఏడాది పాటు ఆ కొట్లో నాకు ఆర్డరు రాలేదు.

ఇప్పుడు మా టీముతో ప్రతి నెలా 18వ తేదీ సాయంత్రం కూర్చుంటాను. టార్గెట్ కాగితం బల్ల మీద పెట్టం. ఒక్కొక్కరి బీటు పుస్తకం తీసి, ఈ నెలలో ఇంకా ఒక్కసారి కూడా బిల్లు కాని కొట్లకు ఎర్ర పెన్నుతో గుండ్రం చుడతాం. మరునాడు పది గంటలకు ఏ గుండ్రం దగ్గర మొదలుపెట్టాలో ఎవరికి వారు చెప్పాకే ఇంటికి వెళతాం.