పర్టన్ గట్టును కాస్తున్న పాత ఓడలు

ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్‌లో, సెవెర్న్ నది వెడల్పై సముద్రం వైపు సాగే చోట పర్టన్ అనే చిన్న ఊరుంది. ఊళ్లోంచి కాలువ గట్టెక్కి షార్ప్‌నెస్ రేవు వైపు నడిస్తే, కిలోమీటరు దాటకముందే కుడివైపు గడ్డిలో నల్లటి దుంగలు నిలబడి కనిపిస్తాయి. దగ్గరికెళ్తే అవి ఓడల ముందు కొయ్యలని తెలుస్తుంది. కొన్నింటికి చుక్కాని ఇంకా ఉంది. కొన్నింటి పలకలు ఊడిపోగా, వాటిని పట్టి ఉంచిన ఇనుప బోల్టులు తుప్పు పట్టి వరసగా మిగిలాయి. ఎనభైకి పైగా పడవలూ ఓడలూ ఈ ఒడ్డున ఒండ్రులో కూరుకుపోయి ఉన్నాయి. బ్రిటన్ ప్రధాన భూభాగంలో ఇదే అతి పెద్ద ఓడల శ్మశానమని చెబుతారు.

అయితే వీటిలో తుఫానుకు కొట్టుకొచ్చినవీ, బండలకు తగిలి బద్దలైనవీ లేవు. ఒక్కోదాన్నీ మనుషులే కావాలని తెచ్చి గట్టుకెక్కించారు. వీటిని కాపాడాలా, కాపాడితే ఏ చట్టం కింద కాపాడాలి అన్న చర్చంతా ఇక్కడే మొదలవుతుంది. అది అర్థం కావాలంటే ముందు కాలువ కథ తెలియాలి.

సెవెర్న్ నదిలో పోటుకీ పాటుకీ మధ్య నీటిమట్టం తేడా పెద్ద పోటు రోజుల్లో 14 మీటర్ల దాకా ఉంటుంది. ప్రపంచంలో ఇంత తేడా ఉండే చోట్లు చాలా తక్కువ. పోటు వచ్చినప్పుడు నీరు పరుగున ఎగువకు వస్తుంది, పాటులో మైళ్ల కొద్దీ ఇసుక తిన్నెలు బయటపడతాయి. ఆ తిన్నెలు ఉన్నచోట ఉండవు కూడా. గ్లాస్టర్ పట్టణానికి సరుకు తెచ్చే ఓడలకు ఈ దారి ప్రాణాంతకం. అందుకే నదికి పక్కనే వేరే దారి తవ్వుకోవాలనుకున్నారు. 1793లో పార్లమెంటు అనుమతి వచ్చింది, మరుసటి ఏడాది తవ్వకం మొదలైంది. కొన్ని మైళ్లు తవ్వేసరికి డబ్బు అయిపోయింది. దాదాపు రెండు దశాబ్దాలు పని ఆగిపోయి, ప్రభుత్వం అప్పు ఇచ్చాక, ఇంజినీరు థామస్ టెల్ఫర్డ్ సలహాతో మళ్లీ కదిలింది. చివరికి 1827లో గ్లాస్టర్, షార్ప్‌నెస్ మధ్య 26 కిలోమీటర్ల కాలువ తెరిచారు. వెడల్పులోనూ లోతులోనూ ప్రపంచంలో దీన్ని మించిన కాలువ లేదని అప్పట్లో గొప్పగా చెప్పుకునేవారు. సముద్రం మీద తిరిగే ఓడలు నేరుగా గ్లాస్టర్ నడిబొడ్డుకు వచ్చేవి.

దీనికి బలహీనమైన చోటు ఒకటుంది. పర్టన్ దగ్గర నదీ కాలువా పక్కపక్కనే నడుస్తాయి. మధ్యలో సన్నటి మట్టి గట్టు తప్ప ఏమీ లేదు. రోజుకు రెండుసార్లు వచ్చిపోయే పోటు ఆ గట్టును నదివైపు నుంచి కోస్తూ ఉంటుంది. 1909లో ఇక్కడ ఒడ్డు జారిపోయింది. గట్టుకు గండి పడితే కాలువలో నీళ్లన్నీ నదిలోకి పోతాయి, గ్లాస్టర్ రేవు ఎండిపోతుంది. కాలువ కంపెనీ ముఖ్య ఇంజినీరు ఎ.జె. కల్లిస్ అప్పుడు ఒక ఉపాయం చెప్పారు: పనికిరాని పాత పడవలు ఎక్కడున్నా తెచ్చి ఈ ఒడ్డున వరసగా పడేయండి.

పద్ధతి తేలికైనదే. అమావాస్యకో పౌర్ణమికో వచ్చే పెద్ద పోటు కోసం ఆగేవారు. నీళ్లు గట్టు అంచుకు చేరగానే పడవను లాక్కొచ్చి, వేగంగా ఒడ్డు మీదికి ఎక్కించేవారు. అది కదలకుండా అడుగున కన్నం కొట్టేవారు. ఆ తర్వాతి పని నదిదే. పోటు వచ్చినప్పుడల్లా కన్నంలోంచి ఒండ్రు నీళ్లు లోపలికొచ్చేవి, పోయేటప్పుడు ఒండ్రు లోపలే మిగిలిపోయేది. కొన్నాళ్లకు పడవ మట్టితో నిండి కదలని దిమ్మెగా మారేది, దాని మీద గడ్డి మొలిచేది. ఏ నది గట్టును తినేస్తోందో ఆ నది చేతే మళ్లీ గట్టు కట్టించడం నాకు చాలా తెలివైన ఇంజినీరింగ్‌గా కనిపిస్తుంది.

పాత పడవలకూ కొరత లేదు. అప్పటికే రైళ్లు, ఆవిరి ఓడలు తెరచాప పడవల పని లాగేసుకున్నాయి, తర్వాత లారీలు వచ్చాయి. సెవెర్న్ మీదే పుట్టి పెరిగిన సరుకు పడవలను ట్రో అంటారు. అడుగు చదునుగా ఉంటుంది కాబట్టి పాటులో ఇసుక తిన్నె మీద కూర్చున్నా ఒరిగిపోవు. బొగ్గు, ఉప్పు, ధాన్యం, రాయి మోసిన ఈ రకం పడవలు ఈనాడు నీటి మీద దాదాపు కనిపించవు. వాటి నిర్మాణం ఎలా ఉండేదో కళ్లతో చూడాలంటే పర్టన్ లాంటి చోటికి రావాల్సిందే.

ట్రోలతో పాటు దూరప్రాంతాల ఓడలూ ఇక్కడికి చేరాయి. 1888లో స్కాట్లండ్‌లో కట్టిన ‘డిస్పాచ్’ ఉంది, అది స్కూనర్ అనే రకం తెరచాప ఓడ. ‘కేథరిన్ ఎలెన్’ అనే మరో ఓడను ఐరిష్ రిపబ్లికన్ సైన్యానికి తుపాకులు చేరవేస్తోందని 1921లో పట్టుకున్నారు. విల్ట్‌షైర్‌లోని హనీస్ట్రీట్‌లో 1905లో కట్టిన ‘హారియెట్’, కెన్నెట్ రకం బార్జీల్లో, అంటే చదును అడుగున్న సరుకు పడవల్లో, మిగిలిన చివరిదిగా గుర్తింపు పొందింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఉక్కు కరువై కాంక్రీటుతో పోసిన బార్జీలు కూడా ఇక్కడికొచ్చాయి. వాటి గోడలు అక్కడక్కడా పెచ్చులూడి లోపలి ఇనుప చువ్వలు బయటపడ్డాయి. అర్ధ శతాబ్దానికి పైగా ఇలా ఒకదాని పక్కన ఒకటి చేరుతూ వచ్చాయి.

ఇదే దారిలో షార్ప్‌నెస్ వైపు ఇంకా ముందుకెళ్తే కాలువ పక్కన గుండ్రటి రాతి బురుజు ఒకటి ఒంటరిగా నిలబడి ఉంటుంది. అది 1879లో తెరిచిన సెవెర్న్ రైలు వంతెనలో మిగిలిన భాగం. 1960 అక్టోబర్ 25 రాత్రి దట్టమైన పొగమంచులో ‘ఆర్కెండేల్ హెచ్’, ‘వాస్ట్‌డేల్ హెచ్’ అనే రెండు చమురు బార్జీలు షార్ప్‌నెస్ రేవు ద్వారం దాటిపోయాయి. పోటు వాటిని ఎగువకు ఈడ్చుకెళ్లి వంతెన స్తంభానికి కొట్టింది. స్తంభం కూలి, స్తంభాల మధ్య ఉండే వంతెన భాగాలు (స్పాన్లు) రెండు బార్జీల మీద పడ్డాయి, నది మీద మంటలు లేచాయి. ఎనిమిది మంది సిబ్బందిలో ఐదుగురు చనిపోయారు. వంతెనను మళ్లీ కట్టలేదు, 1967 నుంచి కూల్చేశారు. పాటు సమయంలో ఆ బార్జీల అవశేషాలు ఇప్పటికీ బయటపడతాయి. కల్లిస్ భయపడ్డ నది ఎలాంటిదో తెలియాలంటే ఆ రాత్రి సంగతి తెలుసుకోవాలి.

ఇక చట్టం విషయం. బ్రిటన్‌లో శిథిల నౌకల రక్షణ కోసం 1973లో చట్టం వచ్చింది. దాని ఆలోచనంతా ప్రమాదంలో మునిగి సముద్రం అడుగున పడి ఉన్న ఓడల చుట్టూ తిరుగుతుంది. పర్టన్ పడవలు మునగలేదు, వాటిని కావాలనే ఒడ్డున పెట్టారు. పోనీ భూమి మీది కట్టడమా అంటే అదీ కాదు. చాలాకాలం వీటిని పట్టించుకున్నవాళ్లే లేరు. కొందరు చెక్క పీక్కెళ్లి చలి కాచుకున్నారు, కొన్నింటికి నిప్పు పెట్టారు. చట్టం కాపాడే పురాతన కట్టడాల జాబితాలో చేర్చే ‘షెడ్యూల్డ్ స్మారకం’ హోదా హారియెట్‌కు దక్కింది గానీ, దాని చుట్టూ ఉన్నవి అలాగే మిగిలిపోయాయి. 2012లో ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రభుత్వ సంస్థ చూసుకునే కాలువల బాధ్యత కెనాల్ అండ్ రివర్ ట్రస్టు అనే స్వచ్ఛంద సంస్థకు మారింది.

ఈ పడవలకు పేర్లు తిరిగొచ్చాయంటే ఆ ఘనత ఫ్రెండ్స్ ఆఫ్ పర్టన్ అనే స్వచ్ఛంద బృందానిది. నౌకల రిజిస్టర్లు తిరగేసి, ఒండ్రులో మిగిలిన కొలతలతో పోల్చి, ఏది ఏ పడవో తేల్చారు. ఒక్కోదాని దగ్గర దాని పేరు, కట్టిన ఏడాది, ఊరు చెప్పే ఫలకం పెట్టారు. అవి లేకపోతే నడిచి వచ్చినవాళ్లకు అక్కడ కనిపించేది పుచ్చిన కలప మాత్రమే.

పైకి కనిపించే భాగం ఎండకూ వానకూ పొడి పొడిగా రాలిపోతోంది, దాన్ని ఆపడం కష్టం. గాలి తగలని ఒండ్రులో ఉన్న కింది భాగం మాత్రం చాలావరకు గట్టిగానే ఉంటుంది. కాబట్టి పైభాగం రాలిపోయేలోపు ప్రతి పలకనూ కొలిచి, ఫొటోలు తీసి, నమోదు చేయడం ఇప్పుడు జరగాల్సిన పని. తవ్వి మ్యూజియంకు తరలించాలన్న మాట వినడానికి బాగుంటుంది గానీ, అలా చేస్తే గట్టు పోతుంది. ఈ కాలువ నీటిని పర్టన్ దగ్గరే తోడి, శుద్ధి చేసి బ్రిస్టల్‌కు పంపుతారు. ఆ నగరం తాగే నీటిలో సుమారు సగం ఇక్కడి నుంచే వెళ్తుంది. 1909లో గండి పడి ఉంటే ఓడల రాకపోకలే ఆగేవి, ఇప్పుడు పడితే ఇళ్లలో కుళాయిలు ఆగుతాయి.

ఒక్కో పడవ వయసూ అరుదుదనమూ చూసి విడివిడిగా హోదా ఇచ్చే పద్ధతి ఇక్కడ సరిపోదని నా అభిప్రాయం. హారియెట్ పక్కనున్న మామూలు బార్జీ కూడా అదే గట్టును పట్టుకుని ఉంది. పడవలు, వాటిలో నిండిన ఒండ్రు, వెనకున్న కాలువ కలిపి ఒకే నిర్మాణంగా లెక్కవేసి, ఒడ్డు మొత్తానికీ ఒకేసారి రక్షణ ఇవ్వాలి.