పోర్టు: ఒక మాట, మూడు దాటడాలు

విశాఖపట్నంలో పోర్టు అనే మాట ఇంగ్లీషుదన్న సంగతి ఎవరికీ స్ఫురించదు, ఎందుకంటే 'పోర్టులో ఉద్యోగం', 'పోర్టు రోడ్డు' అని తరతరాలుగా అంటూ వచ్చిన నోళ్లలో అది ఎప్పుడో తెలుగైపోయింది. అయితే కంప్యూటరుకు తీగను తగిలించే చోటునూ, ఓడకు ఎడమవైపునూ కూడా పోర్టు అనే అంటారు. వీటికి పొత్తు ఎలా కుదిరిందో తెలియాలంటే లాటిన్ భాష దాకా వెళ్లాలి.

లాటిన్‌లో పోర్టుస్ అంటే రేవు, పోర్టా అంటే ద్వారం, పోర్టారే అంటే మోయడం. మూడింటికీ మూలం 'దాటు' అనే అర్థంగల ఒకే ప్రాచీన ఇండో-యూరోపియన్ ధాతువని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. నీటిని దాటి నేలను చేరేది రేవు, గోడను దాటించేది ద్వారం, సరుకును చోటు దాటించేది మోత. కంప్యూటరు పోర్టు ద్వారం నుంచీ, ఇంపోర్టు, ఎక్స్‌పోర్టు, రైల్వే పోర్టరు మోత నుంచీ వచ్చాయి. నాకు అన్నిటికన్నా అందంగా తోచేది అవకాశం అనే అర్థంలో వాడే 'ఆపర్చునిటీ', ఎందుకంటే దాని లాటిన్ మూలానికి రేవు వైపు వీచే గాలి అని అర్థం.

ఓడ ఎడమవైపు కథ వేరు. పూర్వం ఐరోపా ఓడలకు చుక్కాని తెడ్డు కుడివైపున ఉండేది కనుక, అది గట్టుకు తగిలి విరగకుండా ఎడమవైపును రేవుకు ఆనించేవారు. కుడివైపును స్టార్‌బోర్డ్ అనీ ఎడమవైపును లార్‌బోర్డ్ అనీ పిలిచేవారు. గాలిహోరులో ఈ రెండూ ఒకేలా వినిపించడం ప్రమాదకరం కాబట్టి, బ్రిటిష్ నౌకాదళం 1844లో లార్‌బోర్డ్‌ను తీసేసి పోర్టు అనే మాటనే వాడాలని ఆదేశించింది. నేటికీ ఆ వైపున ఎర్రదీపం, కుడివైపున పచ్చదీపం ఉంటాయి. రాత్రివేళ డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఓడ మనకు ఎదురుగా వస్తుంటే ఎర్రదీపం మన కుడిచేతి వైపున కనిపిస్తుంది.

ఇక మన మాట సంగతి. ఇప్పుడు పట్నమంటే ఏ పెద్ద ఊరైనా కావచ్చు గాని, మచిలీపట్నం, నిజాంపట్నం, కృష్ణపట్నం అన్నీ రేవు ఊళ్లే. తమిళంలో పట్టినమంటే సముద్రతీరపు ఊరు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ కొత్త హార్బరులోకి ప్రవేశించేనాటికే మన ఊరి పేరులో రేవు ఉంది. అంతకుముందు ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసుకుంటే, పడవలవాళ్లు సరుకును కెరటాల మీదుగా ఒడ్డుకు దాటించేవారు.