పూజగదిలో శంఖం, దాని లోపలి నత్త

ప్రియమైన సాహితికి, కిట్టుకి,

అమ్మమ్మ దీవెనలు. సెలవులైపోయి మీరు బయల్దేరిన రోజు పొద్దున కిట్టు పూజగదిలో శంఖాన్ని చెవికి ఆనించుకుని, "అమ్మమ్మా, దీని లోపల ఎవరుండేవారు?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆటో వచ్చేసింది. అన్నేళ్లు జువాలజీ చెప్పాను కదా, ఆ జవాబు బాకీ ఉంచడం నాకిష్టం లేదు.

లోపల ఉండేది ఒక నత్త. వానాకాలంలో మన పెరట్లో గోడెక్కే నత్తకు ఇది దూరపు చుట్టం. పెరటి నత్త ఆకులు తింటుంది. శంఖపు నత్త అలా కాదు, వేటాడి మాంసం తింటుంది. పెరిగితే జానెడు పొడవుంటుంది. దీనికి పేరుపడ్డ చోటు మన్నార్ సింధుశాఖ, అంటే తూత్తుకుడి, రామనాథపురం తీరానికీ శ్రీలంకకూ మధ్య ఉన్న సముద్రం. గుజరాత్‌లో కచ్ సింధుశాఖ వైపు కూడా ఉంటుంది.

మీ అమ్మ పెళ్లికి నేనిచ్చిన శంఖం మీ ఇంట్లో ఉంది. అమ్మనడిగి, చేతులు కడుక్కుని, దాన్ని తీసి ముందు పెట్టుకోండి. ఇక్కడి నుంచి ఉత్తరం చదువుతూ శంఖాన్ని చూడాలి.

ముందు మొనదేరిన వెనక కొస చూడండి. అక్కడ మెట్లు మెట్లుగా చుట్లు కనిపిస్తాయి. ఆ చిట్టచివరి చుక్క ఈ నత్త పుట్టినప్పటి ఇల్లు. పాములా ఇది పాత తొడుగు విడిచిపెట్టదు. ఒంటిని కప్పి ఉంచే మెత్తటి పొర ఒకటి ఉంటుంది, దాన్ని మాంటిల్ అంటారు. అది గుల్ల నోటి అంచున కొద్దికొద్దిగా సున్నం పేరుస్తూ పోతుంది. నత్త పెరిగేకొద్దీ చుట్టు పెద్దదవుతుంది. కాబట్టి దాని చిన్నప్పటి ఇల్లూ పెద్దప్పటి ఇల్లూ ఒకే గుల్లలో ఉంటాయి. ఊదే శంఖానికి రంధ్రం చేసేది సరిగ్గా ఆ చిన్నప్పటి కొసనే కోసి. మీ ఇంట్లోది అభిషేకం శంఖం కాబట్టి ఆ కొస అలాగే ఉంటుంది.

ఇప్పుడు ముందు కొస చూడండి. "శంఖంలో పోస్తేగాని తీర్థం కాదు" అంటారే, ఆ తీర్థం జారే కాలువ. బతికున్నప్పుడు అది నత్తకు ముక్కు ఉండే చోటు. కండతో చేసిన ఒక గొట్టాన్ని ఆ కాలువలోంచి బయటికి చాపి, నీళ్లు లోపలికి పీలుస్తుంది. ఆ నీళ్లు ముందు వాసన పట్టే అవయవం మీదుగా పోతాయి. నత్తకు కళ్లున్నాయి గానీ చూపు అంతంతమాత్రమే. మనలా చెవుల్లేవు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అనే సామెత విన్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. శంఖాన్ని కట్టిన ప్రాణికే శంఖనాదం వినపడదు. దానికి తెలిసిన లోకమంతా వాసనే.

ఆ వాసన పట్టుకునే వేటకు పోతుంది. సముద్రం అడుగున ఇసుకలో గొట్టాలు కట్టుకుని, తల మాత్రం బయటపెట్టి బతికే పురుగులుంటాయి. పాలీకీట్లు అంటారు, వానపాములకు బంధువులు. శంఖపు నత్త ఒకే ఒక్క పెద్ద కాలి మీద ఇసుకను చీల్చుకుంటూ వాటి దగ్గరికి పాకుతుంది. నత్తనడకే, కానీ గొట్టంలో ఉన్న పురుగు ఎక్కడికి పారిపోతుంది? దగ్గరికి చేరాక నోట్లోంచి తొండం సాగుతుంది. తొండం కొసన ఆకురాయిలాంటి నాలుక, దాని మీద వరసలు వరసలుగా పళ్లు. ఆ నాలుకను రాడ్యులా అంటారు. ముందు పళ్లు అరిగిపోతుంటే వెనక నుంచి కొత్త వరసలు వస్తూనే ఉంటాయి. ఇన్నేళ్లు పాఠం చెప్పినా, మైక్రోస్కోపు కింద నత్త నాలుక చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరించేది. ఇంత మెత్తటి ప్రాణికి అంత పదునా అని!

తనకే ప్రమాదం వస్తే గుల్లలోకి ముడుచుకుని, కాలికి అంటుకుని ఉన్న గట్టి మూతతో తలుపేసుకుంటుంది. అన్నట్టు, సముద్రంలో ఉన్నప్పుడు శంఖం తెల్లగా ఉండదు. పైన ముదురు గోధుమరంగు తోలు కప్పుకుని ఉంటుంది. అది గీకి, సాన పట్టి, మెరుగు పెట్టాకే మనకు తెలిసిన తెలుపు బయటపడేది.

ఇప్పుడు వేలు. శంఖం నోట్లోకి చూపుడువేలు పెట్టి, లోపలి నిలువు స్తంభాన్ని తడమండి. అడ్డంగా మూడో నాలుగో గట్టి మడతలు తగలాలి. ఈ మడతలను చూసే లినేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త 1767లో దీన్ని మడతల స్తంభమున్న నత్తలతో కలిపి 'వొల్యూటా పైరమ్' అన్నాడు. పైరమ్ అంటే లాటిన్‌లో పియర్ పండు, ఆకారం అలా ఉందని. 1799లో ఫ్రాన్స్‌లో లామార్క్ అనే శాస్త్రవేత్త 'టర్బినెల్లా' అనే ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపును, వేరు చేశాడు. ఆ మాటకు మూలం బొంగరం. అలా ఇప్పటి పేరు టర్బినెల్లా పైరమ్ అయింది. నేను చదువుకున్న పాత పుస్తకాల్లో మాత్రం 'జాంకస్ పైరమ్' అని ఉండేది. ఆ జాంకస్ ఎక్కడిదనుకున్నారు? మన 'శంఖ' మాటే ఊళ్లు తిరిగి లాటిన్ వేషం వేసుకుంది. ఆ పేరు నిలవలేదని నాకు ఇప్పటికీ కొంచెం బాధే. మిగతా చిరునామా సులువు. నత్తల్లాంటి మెత్తటి ఒంటి ప్రాణుల వర్గం మొలస్కా, అందులో నత్తలు గాస్ట్రోపోడా. వాటిలో తొండం చాపి మాంసం తినే రకాలు ఎక్కువగా ఉన్న గుంపు నియోగాస్ట్రోపోడా, దాంట్లో టర్బినెల్లిడే కుటుంబం.

ఈ మడతల సంగతి మనింట్లో ఒకసారి పనికొచ్చింది. మా తమ్ముడు, మీ కాకినాడ తాతయ్య, ఒక పుణ్యక్షేత్రంలో చాలా డబ్బు పోసి దక్షిణావర్త శంఖం, అంటే మామూలుదానికి తిరగబడ్డ చుట్టున్న అరుదైన శంఖం, కొనుక్కొచ్చాడు. సంబరంగా నా చేతిలో పెట్టాడు. వేలు పెట్టి చూస్తే లోపల స్తంభం నున్నగా ఉంది, ఒక్క మడత లేదు. వాడి మొహం చూసి చెప్పడానికి నోరు రాలేదు, కానీ చెప్పాను. అది మన సముద్రానిదే కాదు. అమెరికా తూర్పు తీరంలో, మెక్సికో సింధుశాఖలో దొరికే లైట్నింగ్ వెల్క్ అనే మరో వేట నత్త గుల్ల. టెక్సస్ రాష్ట్రానికి అదే అధికార గుల్ల. అక్కడ ఆ జాతి దాదాపు మొత్తం పుట్టుకతోనే ఎడమవైపు తిరుగుతుంది, కాబట్టి అందులో అరుదేమీ లేదు. చారలు పోయేలా తెల్లగా చేసి, దక్షిణావర్తమని అమ్ముతారు. భక్తితో వచ్చినవాళ్లను అలా మోసం చెయ్యడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది.

సాహితీ, ఎడమవైపు తిరిగితే దక్షిణావర్తం ఎందుకన్నారని అడుగుతావు కదూ? మొన కొస పైకి, నోరు నీవైపు ఉండేలా పట్టుకో. మీ ఇంటి శంఖానికి నోరు కుడివైపు కనిపిస్తుంది. శాస్త్రవేత్తలు చూసేది ఇలా, అందుకే మామూలు శంఖం వాళ్లకు కుడి చుట్టు. ఇప్పుడు తీర్థం కొస పైకి వచ్చేలా తలకిందులు చెయ్యి. నోరు ఎడమవైపుకు వచ్చిందా? మన సంప్రదాయం చూసేది ఇలా, అందుకే అదే శంఖం మనకు వామావర్తం, అంటే ఎడమ చుట్టు. చుట్టు మారలేదు, పట్టుకున్న తీరు మారింది. నిజమైన దక్షిణావర్తం అంటే టర్బినెల్లా పైరమ్‌లో ఎప్పుడో ఒకసారి పుట్టే తిరగబడ్డ చుట్టు. చెరువు నత్తల్లో చూస్తే, పిల్ల ఎటు తిరగాలన్నది పిల్ల జన్యువులు కాదు, తల్లి జన్యువులు తేలుస్తాయని తెలిసింది.

తల్లి అంటే గుర్తొచ్చింది. ఆడ శంఖం పెట్టే గుడ్ల సంచి పొట్టేలు కొమ్ములా మెలితిరిగి ఉంటుంది. అడుగు ఇసుకలో నాటుకుని ఉంటుంది, లోపల ఒకదాని మీద ఒకటి గదులు. చాలా సముద్రపు నత్తల పిల్లలు పుట్టగానే నీళ్లలో ఈదుతూ ఎక్కడెక్కడికో కొట్టుకుపోతాయి. వీటి పిల్లలు అలా కాదు. చిన్న చిన్న శంఖాలతోనే బయటికొచ్చి, పుట్టిన ఇసుక మీదే పాకడం మొదలెడతాయి. అందుకే ఒక చోట శంఖాలన్నీ ఏరేస్తే, పక్క సముద్రం నుంచి కొత్తవి కొట్టుకొచ్చి ఆ చోటు నిండదు.

ఇంతవరకూ చదివాక మీకొక అనుమానం వస్తుంది. మన శంఖాన్ని లోపలి నత్తను చంపే తీశారా? అవును. మునిగి తీసేవాళ్లు ఎక్కువగా బతికున్నవాటినే ఏరుతారు. చచ్చిపోయి అడుగున పడి ఉన్న గుల్లను స్పాంజీలూ పురుగులూ తొలిచేస్తాయి, మెరుగు పోతుంది. శ్రీలంకలోని యాళ్పాణం (జాఫ్నా) బురదలో పూడిపోయిన పాత గుల్లలను తవ్వి తీయడమూ ఉంది, కానీ పూజకు కోరేది నున్నటి తెల్లటిదే. ఈ పని నిన్న మొన్నటిది కాదు. హరప్పా కాలంలోనే కచ్ సింధుశాఖ తీరాన నాగేశ్వర్‌లో ఈ గుల్లలు కోసి గాజులు చేశారు. బెంగాలీ పెళ్లికూతుళ్లు వేసుకునే తెల్ల శాంఖా గాజులు ఇప్పటికీ దీనివే. మన భాగవతం కూడా ఈ సంగతి దాచలేదు. సముద్రంలో శంఖం రూపంలో ఉన్న పంచజనుణ్ణి చంపాకే కృష్ణుడికి పాంచజన్యం దొరికింది. నేను రోజూ శంఖం తుడిచేటప్పుడు ఆ నత్తను తలుచుకుంటాను. అందుకే మనింట్లో ఒక్క శంఖమే ఉంది, రెండోది కొననివ్వలేదు.

కిట్టూ, చెవి దగ్గర వినిపించే హోరు సముద్రానిది కాదురా. నీ చుట్టూ ఉన్న చప్పుళ్లే గుల్ల లోపల తిరిగి, కొన్ని గట్టిగా వినిపిస్తాయి. గదిలో ఫ్యాన్ ఆపి ఒకసారి, వేసి ఒకసారి విని చూడు.

మా శంఖంలో మడతలు మూడు, నాలుగోది ఉందా లేదా అన్నంత సన్నగా ఉంది. మీదాంట్లో ఎన్నున్నాయో వేలు పెట్టి లెక్కపెట్టి నాకు రాయండి.

మీ
అమ్మమ్మ