బోల్టు విప్పొచ్చు, అతుకు విప్పలేం

ఆయుష్షు తీరిన లారీ ఒకటి విజయవాడ ఆటోనగర్‌లోకి వచ్చిందంటే దాంట్లో వృథాగా పోయేది చాలా తక్కువ. టైర్లు, బ్యాటరీ, రేడియేటర్, ఇంజను, గేరుబాక్సు, కమాన్ కట్టలు, క్యాబిన్ తలుపులు, ఒక్కొక్కటీ విప్పి పక్కన పెడతారు. పనికొచ్చేవి సెకండ్ హ్యాండ్‌లో ఇంకో బండికి ఎక్కుతాయి, పనికిరాని ఇనుమును గ్యాస్ కటర్‌తో కోసి తూకానికి అమ్మేస్తారు, అది ఎక్కడో కొలిమిలో కరిగి మళ్ళీ చువ్వగానో రేకుగానో వస్తుంది. రాగిది ఒక రేటు, ఇత్తడిది ఒక రేటు, బ్యాటరీలో సీసానిది ఇంకో రేటు. టన్నుల బరువున్న బండి ఇలా చివరి నట్టు దాకా ఎవరికో ఒకరికి అక్కరకొస్తోంది. అదే ఊళ్ళో కిళ్ళీకొట్టు ముందు దండలా వేలాడే రూపాయి షాంపూ ప్యాకెట్ ఉంది చూశారా, ఖాళీ అయితే గ్రాము దగ్గర్లో ఉంటుంది, దాన్ని మాత్రం ఎవరూ కొనరు, ఎవరూ ఏరరు. కాలవ గట్టున పడితే అక్కడే, డంపింగ్ యార్డుకు పోతే అక్కడే.

తేడా అంతా వాటిని కలిపిన తీరులో ఉంది. లారీని బోల్టులతో బిగించారు కాబట్టి స్పానర్ పెడితే విడిపోతుంది. వెల్డింగ్ చేసిన చోట కూడా ఇనుముకు ఇనుమే అతికింది గనక అలాగే కరిగించినా ఇబ్బంది లేదు. షాంపూ ప్యాకెట్‌లో మూడు రకాల పదార్థాలు పలచటి పొరలుగా, మళ్ళీ ఊడనట్టుగా అతికి ఉంటాయి. చెత్త సంగతి వచ్చినప్పుడల్లా మనం ప్లాస్టిక్ మంచిదా చెడ్డదా అనే దగ్గరే ఆగిపోతున్నాం. నేనైతే ఏ వస్తువు గురించైనా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే అంటాను: పని అయిపోయాక దీన్ని విడదీయగలమా?

ఖాళీ షాంపూ ప్యాకెట్‌ను అంచుల వెంబడి కత్తిరించి, తెరిచి, కడిగి చూడండి. పైన రంగులున్న పొర సాధారణంగా పాలియెస్టర్, అంటే నీళ్ళ బాటిల్‌కి వాడే పెట్ ప్లాస్టిక్కే. అచ్చు దాని లోపలివైపు వేస్తారు, అందుకే గోటితో గోకినా రంగు ఊడదు. మధ్యలో వెండిలా మెరిసేది అల్యూమినియం. షాంపూకి తగిలే లోపలి పొర పాలిథిన్, వేడి తగిలితే అతుక్కునే గుణం దానిది, ప్యాకెట్‌కి అంచుల్లో సీలు పడేది దానివల్లే. బలం పెట్‌ది, గాలినీ తేమనూ వెలుతురునూ అడ్డుకునే పని అల్యూమినియంది, కారకుండా చూసే బాధ్యత పాలిథిన్‌ది. ఇంజనీరింగ్‌గా చూస్తే గొప్ప పనితనమే. బందరు ఉక్కలోనూ రెంటచింతల ఎండలోనూ నెలల తరబడి లోపలి సరుకు చెడదు.

చిప్స్ ప్యాకెట్‌ది కొద్దిగా వేరే కథ. అది ఎక్కువగా పాలీప్రొపిలీన్ పొర, దానిమీద శూన్యంలో అల్యూమినియాన్ని ఆవిరి చేసి పూత పడేట్టు చేస్తారు, ఆ పూత మందం మైక్రాన్‌లో, అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతులో, పదో వంతు కూడా ఉండదు. తేడా తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. గుప్పిట్లో నలిపి వదలండి, మళ్ళీ విచ్చుకుంటే పూత వేసిన ప్లాస్టిక్, నలిపింది నలిపినట్టు ఉండిపోతే అల్యూమినియం రేకు.

సరే, దీన్నంతా కలిపి కరిగించేస్తే ఏం పోయింది అనిపిస్తుంది. పాత ప్లాస్టిక్‌ను మళ్ళీ వాడుకోవాలంటే కడిగి, ముక్కలు చేసి, కరిగించి, గుళికలుగా మార్చాలి. పాలిథిన్ రకాన్ని బట్టి 110 నుంచి 135 డిగ్రీల మధ్య కరుగుతుంది, పాలీప్రొపిలీన్‌కి 160 కావాలి, పెట్‌కి 250 దాటాలి, అల్యూమినియానికి 660. పాలిథిన్ కరిగే వేడిలో పెట్ ఇంకా గట్టి ముక్కలుగానే ఉంటుంది, పెట్ కరిగే దాకా పెంచితే పాలిథిన్ చెడిపోవడం మొదలవుతుంది. ఎలాగోలా రెండూ కరిగాయే అనుకుందాం, అప్పుడూ కలవవు. చిన్న అణువులున్న ద్రవాలు కలిసిపోవడానికి ఒక పెద్ద కారణం, కలిసినప్పుడు వాటి అమరికలో చిందరవందర బాగా పెరగడం, ప్రకృతి మొగ్గు ఎప్పుడూ అటువైపే. ప్లాస్టిక్ అణువులు అలాంటివి కావు, వేల లంకెలున్న పొడవాటి గొలుసులు. గొలుసులో ఉన్న లంకె ఎక్కడికంటే అక్కడికి పోలేదు కాబట్టి రెండు ప్లాస్టిక్‌లను కలిపితే పెరిగే చిందరవందర నామమాత్రం. దాంతో రెండు రకాల గొలుసుల మధ్య కొంచెం పొసగకపోయినా చాలు, చారు మీద నూనె చుక్కల్లా దేనికది విడిగా చేరిపోతాయి. చల్లారాక వాటి మధ్య సరిహద్దులే బలహీనమైన చోట్లు, వంచితే సరిగ్గా అక్కడే విరుగుతుంది. అలాంటి గుళికలతో బకెట్టూ రాదు, పైపూ రాదు.

ఈ సైన్సంతా మన వీధిలో పాత సామాన్లు కొనే ఆయనకి చేతుల్లో ఉంటుంది. పాలిథిన్ కవరు మెత్తగా ఉంటుందని, పాలీప్రొపిలీన్ కవరు గరగరమంటుందని చప్పుడును బట్టే చెప్పేస్తాడు. ఆయన ఏం తీసుకుంటాడో ఏం వద్దంటాడో చూస్తే చాలు. అట్టపెట్టెలు, పుస్తకాలు, ఇనుము, స్టీలు, సీసాలు, నీళ్ళ బాటిళ్ళు, విరిగిన బకెట్లు తీసుకుంటాడు, ఎందుకంటే ఇవన్నీ దాదాపు ఒకే పదార్థం. చిప్స్ ప్యాకెట్లు, బిస్కెట్ రేపర్లు, షాంపూ ప్యాకెట్లు ఇవ్వబోతే చెయ్యి అడ్డంగా ఊపుతాడు. ప్యాకెట్ మీద బాణాల త్రికోణం ఉంది కదా అంటారేమో, 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ తెచ్చిన ఆ గుర్తులో 1 నుంచి 7 దాకా అంకె చెప్పేది ప్లాస్టిక్ రకం మాత్రమే, మళ్ళీ వాడతారన్న హామీ కాదు. 7 అంటే 'ఇతరత్రా', పొరల ప్యాకెట్లు ఎక్కువగా అందులోకే పోతాయి.

ఒక వస్తువులో రెండు ప్లాస్టిక్‌లున్నా ఫర్వాలేదు, విడిపోయేట్టు ఉంటే చాలు అనడానికి నీళ్ళ బాటిలే మంచి ఉదాహరణ. బాటిల్‌ని, మూతని చిన్న ముక్కలుగా కత్తిరించి గిన్నెడు నీళ్ళలో వేసి వేలితో అదమండి. బాటిల్ ముక్కలు మునుగుతాయి, మూత ముక్కలు తేలతాయి. నీళ్ళ సాంద్రత 1 అనుకుంటే పెట్‌ది సుమారు 1.38, మూతకి వాడే పాలిథిన్ లేదా పాలీప్రొపిలీన్‌ది 1 లోపే. రీసైక్లింగ్ ఫ్యాక్టరీలో పెద్ద నీళ్ళ తొట్టెల్లో జరిగేదీ ఇదే. పిల్లలున్న ఇంట్లో ఈ ప్రయోగం తప్పకుండా చేయించండి, చాలా సంబరపడతారు.

షాంపూ ప్యాకెట్ కొనేవాళ్ళని తిట్టడానికి ఇదంతా రాయడం లేదు. చిన్న ప్యాకెట్లలో అమ్మాలన్న ఆలోచన తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్నికృష్ణన్‌ది, డబ్బున్నవాళ్ళు వాడేవి కూలి చేసుకునేవాళ్ళకూ అందాలన్నది ఆయన ఉద్దేశం. ఆయన కొడుకుల్లో ఒకరైన సి.కె. రంగనాథన్ 1983లో మొదలుపెట్టిన కంపెనీ చిక్ షాంపూ ప్యాకెట్‌ను పల్లెపల్లెకూ చేర్చింది. ఆ రోజు సంపాదన ఆ రోజే ఖర్చయిపోయే ఇంట్లో సీసా కొనమంటే ఎలా కొంటారు? పైగా చాలా షాంపూల్లో మిల్లీలీటర్ లెక్కన సీసా కంటే ప్యాకెట్టే చవక. కాబట్టి ఈ తప్పును కొనేవాళ్ళ మీద తోయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ప్యాకెట్ ఎలా తయారవ్వాలో తేల్చేది కంపెనీ, దాన్ని దారిలో పెట్టాల్సింది చట్టం.

చట్టం ఆ ప్రయత్నం చేసింది కూడా. 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లో, రీసైకిల్ చేయలేని పొరల ప్లాస్టిక్ తయారీని రెండేళ్ళలో ఆపేయాలని రాశారు. 2018లో ఆ వాక్యాన్ని మార్చారు. రీసైకిల్ కానిది, లేదా ఇంధనంగా పనికిరానిది, లేదా వేరే ఏ వాడకమూ లేనిది మాత్రమే ఆపాలన్నారు. ప్లాస్టిక్ ఏదైనా మండుతుంది, మండేదంతా ఇంధనమే, అంటే ఆ ఒక్క మాటతో పొరల ప్యాకెట్లన్నీ బతికిపోయాయి. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, చెంచాలు, ప్లేట్లు నిషేధించారు, ఆ ఏడాది చివరి నుంచి చేతి సంచికి 120 మైక్రాన్ల మందం ఉండాలన్నారు, రెండూ మంచివే. షాంపూ ప్యాకెట్ మాత్రం చెక్కుచెదరలేదు. ఆ జాబితా చూసిన ప్రతిసారీ నాకు బాధ ఇక్కడే.

విజయవాడ చెత్త ఎత్తడంలో వెనకబడ్డ ఊరేమీ కాదు. 2021 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్, సూరత్‌ల తర్వాత మూడో స్థానం మనదే. కానీ వీధి శుభ్రపడటం వేరు, ఎత్తుకుపోయిన దానికి ఇంకో వాడకం దొరకడం వేరు. పొరల ప్యాకెట్లను చివరికి సిమెంటు బట్టీల్లోనో, చెత్తతో కరెంటు తీసే ప్లాంటుల్లోనో మండిస్తారు. సిమెంటు బట్టీలో వేడి 1,450 డిగ్రీలు ఉంటుంది, అక్కడ పద్ధతిగా మండిస్తే కాలవలో పడటం కంటే నయమే, బొగ్గు కొంత మిగులుతుంది. అయితే అది ఒక్కసారితో సరి. టన్ను అల్యూమినియం తయారీకి 13 నుంచి 15 వేల యూనిట్ల కరెంటు కావాలి, పాతదాన్ని కరిగిస్తే అందులో 5 శాతంతో సరిపోతుంది. కూల్‌డ్రింక్ డబ్బాలో ఉన్న అల్యూమినియానికి ఆ అవకాశం ఉంది, ప్యాకెట్‌లో అతికినదానికి లేదు. ఇక పెరట్లోనో వీధి చివరో కాల్చడం అన్నిటికంటే ప్రమాదం. భోగి మంటలో కూడా పాత ప్లాస్టిక్, టైర్లు వేసేస్తున్నారు. పీవీసీ కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి వస్తుంది, తక్కువ వేడిలో కాలితే డయాక్సిన్లనే విషాలు పుడతాయి, మంట చుట్టూ తిరిగేదేమో చిన్నపిల్లలు. పిడకలు, పాత కర్రలు వేస్తే చాలదా?

ప్లాస్టిక్ వద్దనుకుని పేపర్ కప్పులో టీ తాగుతున్నవాళ్ళకి ఒక మాట. కాయితం ఒక్కటే అయితే వేడి టీకి నిమిషాల్లో నానిపోవాలి. నానకపోవడానికి కారణం లోపలి పాలిథిన్ పూత. కాయితాన్ని మళ్ళీ కాయితం చేయాలంటే నీళ్ళలో గుజ్జు చెయ్యాలి, ఆ పూత అడ్డం పడుతుంది కాబట్టి మామూలు కాయితం మిల్లుకు ఈ కప్పులు తలనొప్పి. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో చూసినదాని ప్రకారం, 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం పావుగంట కప్పులో ఉంటే దాదాపు 25 వేల ప్లాస్టిక్ రేణువులు అందులోకి చేరతాయి. టీ కొట్టులో గాజు గ్లాసు అడగండి, లోపల ఉంటుంది, ఇస్తారు.

ఇదే ప్రశ్న కరెంటు సామాన్లకూ వర్తిస్తుంది. మిక్సీ ఆగిపోతే రిపేరు షాపులో నాలుగు స్క్రూలు విప్పి, కార్బన్ బ్రష్షో, బుష్షో, కింద కప్లరో మార్చి ఇచ్చేస్తారు, ఇంకో ఐదేళ్ళు కొబ్బరి పచ్చడికి ఢోకా లేదు. చెవిలో పెట్టుకునే వైర్‌లెస్ ఇయర్‌బడ్స్‌కి ఆ భాగ్యం లేదు. బ్యాటరీ రెండు మూడేళ్ళలో నీరసించిపోతుంది, మిగతా అంతా బాగానే ఉంటుంది, కానీ జిగురుతో మూసేశారు కాబట్టి తెరిస్తే పగులుతుంది. యూరప్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల బ్యాటరీలను వాడేవాళ్ళే మార్చుకోగలిగేలా తయారు చేయాలని చట్టం చేశారు. మన దగ్గర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. అది సమాచారం ఇస్తుంది, మంచిదే, తయారీని మార్చమని ఒత్తిడి మాత్రం పెట్టదు. బట్టల్లోనూ అంతే. మంగళగిరి నూలు చీర పాతబడితే బొంత అవుతుంది, తర్వాత మసిగుడ్డ అవుతుంది, చివరికి మట్టిలో కలుస్తుంది. నూలూ పాలియెస్టరూ కలిపి వడికిన దారాన్ని విడదీయడం ఖర్చుతో కూడిన పని.

నెలకోసారి సరుకులు కొనగలిగినవాళ్ళం చెయ్యగలిగింది చాలానే ఉంది. పప్పులు, చింతపండు, బెల్లం కాళేశ్వరరావు మార్కెట్ దగ్గరో గుంటూరు పట్నం బజారులోనో విడిగా దొరుకుతాయి, సంచి మనది. గానుగ నూనె మన క్యాన్‌లోనే పోయించుకోవచ్చు. షాంపూ పెద్ద సీసా కొంటే ఆ సీసాను పాత సామాన్ల ఆయన సంతోషంగా పట్టుకెళతాడు. పాల ప్యాకెట్ కోసేటప్పుడు మూల పూర్తిగా తెగిపోకుండా వేలాడనివ్వండి. ప్యాకెట్ అంతా పాలిథినే, కడిగి ఆరబెట్టి కట్టగడితే తూకానికి పోతుంది, తెగిన ఆ చిన్న ముక్క మాత్రం ఎవరికీ దొరక్క కాలవల పాలవుతుంది. కంపెనీల సంగతికొస్తే, పొరలన్నీ పాలిథిన్‌తోనే చేసి అడ్డుపొరను చాలా పలచగా ఉంచే ప్యాకెట్లు ఇప్పటికే సాధ్యం, అలాంటివి కొన్ని బజారులోకి వచ్చాయి కూడా. ఖరీదు కొంత ఎక్కువ కాబట్టి ఎవరూ అడగకపోతే కంపెనీలు తొందరపడవు. కస్టమర్ కేర్ నంబరు ప్రతి ప్యాకెట్ మీదా ఉంటుంది.

మందుబిళ్ళల స్ట్రిప్పులను మాత్రం తప్పించలేం. పీవీసీ, అల్యూమినియం గట్టిగా అతికి ఉంటాయి, షుగరూ బీపీ ఉన్న ఇంట్లో నెలనెలా గుప్పెడు పోగవుతాయి. కానీ తేమ తగిలితే బిళ్ళ చెడుతుంది, అక్కడ ఆ పొర అవసరమే, పెద్దవాళ్ళ మందుల దగ్గర పొదుపు చూడకండి. ఖాళీ స్ట్రిప్పులు పొడి చెత్తలో వెయ్యండి, మంటలో వద్దు. గడువు దాటిన బిళ్ళలుంటే విడిగా, ప్రమాదకర చెత్త బుట్టలో వేయాలి.