కట్టడాల్లో లోపాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: పాతకాలపు కట్టడాలకు తిరుగులేదు, లోపాలన్నీ ఇప్పటివే.

వాస్తవం: మన కంటికి కనిపించేవి నిలిచినవే. కూలినవాటిని ఎవరు లెక్కపెట్టారు? ఫ్రాన్స్‌లోని బోవే చర్చి కప్పును దాదాపు 48 మీటర్ల ఎత్తుకు లేపితే, 1284లో కొంత భాగం కూలింది. 1173లో మొదలైన పీసా గోపురం మూడో అంతస్తుకు వచ్చేసరికే ఒరిగింది, కింద ఉన్నది మెత్తటి బంకమన్ను. అంతకు ఎంతో ముందే, ప్రాచీన బాబిలోనియా రాజు హమ్మురాబి శాసనం ఇల్లు కూలి యజమాని చస్తే కట్టినవాడికి మరణశిక్ష విధించింది. ఇళ్లు కూలకుండానే అంత శిక్ష రాశారా?

అపోహ: పాత సున్నపు గోడకి చెమ్మ వస్తే సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే సరి.

వాస్తవం: చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది. సున్నపు పూత గోడలోని తడిని బయటికి వదిలేస్తుంది, సిమెంటు ఆ దారి మూసేస్తుంది. లోపల ఉప్పు పేరుకుని ఇటుక పొడి అవుతుంది. వేలితో తట్టితే డొల్ల చప్పుడు వచ్చినచోట సిమెంటు తీసేసి, ముందు నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూసి ఆపి, మళ్లీ సున్నం పూత వేయించండి.

అపోహ: కాంక్రీటు లోపలి ఇనుము తుప్పు పట్టదు.

వాస్తవం: అసలు చిక్కు ఇక్కడే. కాంక్రీటులోని క్షారగుణమే ఊచలను కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి దిగుతూ దాన్ని తగ్గిస్తుంది. ఉప్పు తగిలితే ఇంకా త్వరగా పాడవుతుంది. తుప్పు ఇనుము కంటే రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది, పెచ్చులు ఊడేది అందుకే. మామూలు వాతావరణంలో కవర్, అంటే ఊచ మీద ఉండే కాంక్రీటు మందం, స్లాబుకు 20 మి.మీ., పిల్లర్‌కు 40, ఫుటింగ్‌కు (పునాది దిమ్మెకు) 50 ఉండాలి. ఊచ కింద ఆ ఖాళీ కోసం పెట్టే కవర్ బ్లాకు బదులు కంకర ముక్క పెడితే, కాంక్రీటును కుదిపే వైబ్రేటర్ ఆడించగానే జారిపోతుంది, ఊచ కింది సెంట్రింగ్ షీటు (అచ్చు రేకు) మీద కూర్చుంటుంది. ఇక నీళ్లు. 50 కిలోల సిమెంటు బస్తాకు ఇసుకలో తడితో కలిపి 25-27 లీటర్లు చాలు. మాలు జారుడుగా ఉండాలని పోసే అదనపు బకెట్టు ఆరిపోయి రంధ్రాలు మిగులుస్తుంది, గాలీ తేమా వాటిలోంచే ఊచను చేరతాయి. పీపీసీ (బూడిద వంటివి కలిపిన) సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఆరనివ్వకూడదు.

అపోహ: బిల్డింగ్ కూలిందంటే సిమెంటు తక్కువ వేసినట్టే.

వాస్తవం: లండన్‌లోని 22 అంతస్తుల రోనన్ పాయింట్‌లో 1968 మే 16న 18వ అంతస్తులో గ్యాస్ పేలింది. బరువు మోసే గోడ పలక బయటికి తోసుకుపోయింది. పై అంతస్తులు ఆధారం లేక పడ్డాయి, ఆ బరువుకు కింది మూల మొత్తం వరసగా కూలి నలుగురు చనిపోయారు. లోపం పలకల్ని కలిపే అతుకుల్లో ఉంది. 1986లో బిల్డింగును విప్పుతుంటే కొన్ని అతుకుల్లో మాలు సరిగా నింపలేదని, కాగితాలు కుక్కి ఉన్నాయని బయటపడింది. ప్రీకాస్ట్ (ముందే పోసిన పలకల్ని తెచ్చి బిగించే) పనిలో పలకల టెస్టు రిపోర్టు ఒక్కటే చూసి సంతకం పెట్టకండి. గ్రౌట్ (అతుకు నింపే పల్చటి మాలు) పోయకముందు ప్రతి అతుకులో పలకల్ని కలిపి పట్టే టై రాడ్లు చూసి, ఫొటో తీసి, ఆ తర్వాతే మూయనివ్వండి.